విఱిగిన మణికట్టు - వేళకు రాని వైద్యము

త్రిపురాంతకమున కుమారగిరిపై వెలసిన స్వామి కథ తెలుగువారికి క్రొత్తది కాదు. మూడు పురములును ఆకాశమున వేర్వేఱుగా సంచరించుచుండగా, అవి మూడును ఒక్క వరుసకు వచ్చు క్షణమునకై పరమేశ్వరుడు వేచియుండి, అది రాగానే ఒక్క బాణముతో మూటిని కూల్చెనని పురాణము చెప్పుచున్నది. బాణమునకు బల మెంత యున్నను ఆ క్షణము తప్పినచో కార్యము తప్పెడిదే. భక్తులు ఈ కథనుండి గ్రహింపవలసినది భక్తుల కెఱుక. గృహస్థులు గ్రహింపవలసినదియు నొకటి కలదు. కార్యమునకు బల మొక్కటియే చాలదు, వేళయు కావలయును. శ్రీశైలమునకు తూర్పుద్వారమని పేరొందిన యీ క్షేత్రపు పరిసరములలో విఱిగిన మణికట్టునకు వైద్య మెట్లు జరుగుచున్నదని వ్రాయబూనగా, మాకు మొదట తోచినది ఈ వేళమాటయే.

మణికట్టు విఱుగుట యొక చిన్న సంగతియని పలువురి భావము. ప్రాణము పోదు. కాలు విఱిగినట్లు మనుష్యుని మంచమున పడవేయదు. నడచి పొలము పోవచ్చును, తిరిగి రావచ్చును. కావున "చేయియే గదా, నాలుగుదినములలో సర్దుకొనును" అని యింటివా రందురు; ఇరుగుపొరుగువారు తలయూపుదురు. ఆ నాలుగుదినములలోనే ఆ చేతి భవిష్యత్తు నిర్ణయమగుచున్నదని మాత్రము తలచువారు తక్కువ. త్రిపురాంతకము, యర్రగొండపాలెము, మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు మెట్టసీమలు. ఇచ్చటి సంసారములు చేతికష్టముమీద నడచునవి. మిరప కోయుటకు, ప్రత్తి తీయుటకు, గేదెను పితుకుటకు, పిండి పిసుకుటకు, మార్కాపురమునకు దేశమున పేరు తెచ్చిన పలకఱాతిని పొరలు పొరలుగా చీల్చుటకు మణికట్టు తిరుగక గడువదు. ఆ కీలు బిగిసిపోయినచో మనిషి బ్రతికియే యుండును గాని అతని కూలి పోవును. ఇట్టిదానిని చిన్న సంగతి యనుట యెట్లు?

పడినప్పు డేమి జరుగును?

జాఱిపడునప్పుడు ముఖమును కాపాడుకొనుటకై అఱచేయి ముందునకు చాపుట మనుష్యస్వభావము. పొలముగట్టుమీదనైనను, వానకు తడిసిన మెట్లమీదనైనను, స్నానపుగదిలోనైనను, మోటారుసైకిలునుండియైనను పడినపుడు దేహభారమంతయు అఱచేతిగుండ ముంజేతి యెముక కొనపై పడును. బొటనవ్రేలి వైపుననుండు ఆ యెముకను శరీరశాస్త్రమున రత్ని యందురు. అది కీలునకు సుమారు అంగుళము పైన విఱిగి, విఱిగిన తునుక వెనుకకు వంగును. ప్రక్కనుండి చూచినచో చేయి వంగిన గరిటెవలె కానవచ్చును. డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాము కాలిస్ 1814లో ఈ గాయమును విస్పష్టముగా వర్ణించెను. వైద్యలోకమున నేటికిని దానికి ఆయన పేరే నిలిచియున్నది. రాంట్‌జన్ పండితుడు ఎక్సురే కిరణములను కనుగొన్నది 1895లో. అనగా కాలిస్ వ్రేళ్ళకొనలతో తడవి చెప్పినదానిని కంటితో చూచుటకు లోకమునకు 81 సంవత్సరములు పట్టినది. ఆ కిరణము నేడు మన పట్టణములకు వచ్చి చిరకాలమైనది. అయినను పల్లెలలో ఎన్నియో చేతులు దాని యెదుటికి పోకయే కట్టులో చుట్టబడుచున్నవి.

అందఱి మణికట్టులును ఒక్కతీరున విఱుగవు. బాలురకు ఎముక చివర పెరుగుదలకు నెలవైన మెత్తని పొర యుండును. అది చెదరినచో కొందఱికి ఎముక సరిగా పెరుగక, ఏండ్లు గడచిన పిమ్మట చేయి వంకరపోవును. పడుచువారికి మణికట్టులోని యెనిమిది చిన్న యెముకలలో పడవయాకారము గల స్కాఫాయిడ్ అను నెముక విఱుగుట కలదు. ఇది మిక్కిలి మోసకారి. వాపు స్వల్పము, వంకర యుండదు. మొదటి దినపు ఎక్సురేలో సైతము పగులు కానరాకపోవచ్చును. బొటనవ్రేలిని వెనుకకు చాచినప్పుడు దాని మొదట నేర్పడు గుంటలో నొక్కగా నొప్పి కలుగుట దానికి ముఖ్యమైన గుఱుతు. ఈ యెముకకు నెత్తురు చాలవఱకు వ్రేళ్ళవైపు భాగమునుండి ముంజేతివైపునకు పాఱును. నడుమ విఱిగినచో ముంజేతివైపు తునుకకు నెత్తు రందక, అది అతుకకుండుటయో చచ్చుబడుటయో జరుగవచ్చును. అందుచేతనే ఎముకల విద్య నెఱిగిన వైద్యుడు, ఎక్సురేలో నేమియు కానరాకున్నను అనుమానము తోచినచో చేతిని కట్టులో నుంచి, పది పదునాలుగు దినములకు మరల పరీక్షించును. "బెణికినది, కాపడము పెట్టుకొనుము" అన్నమాట నమ్మిన యువకుడు కొన్నియేండ్లకు కీలు అరిగి బాధపడుట యిందువలననే.

ఇక నడివయస్సు దాటిన స్త్రీలు. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు పలుచబడుచుండును. నిలుచున్నచోటనుండి జాఱి పడినంతమాత్రమున మణికట్టు విఱిగినచో, అది ఆ మణికట్టునకు మాత్రమే సంబంధించినది కాదు. దేహమందలి యెముకలన్నియు బలహీనపడుచున్నవని అది మొదటి హెచ్చరిక కావచ్చును. ఆ హెచ్చరికను విని తగిన పరీక్షయు మందును పొందినవారు తుంటి విఱుగు నాపదను తప్పించుకొనుటకు వీలున్నది. కేవలము కట్టు కట్టి పంపివేయువానికి ఈ సంగతి తోచదు.

ఈ సీమ యెముకలకు మఱియొక శత్రువు నీటిలోనే కలదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో త్రాగునీటి ఫ్లోరైడు మనుష్యుల యెముకలను బిగింపజేయుచున్నదని 1937లో వైద్యపరిశోధకులు ప్రకటించిరి. అప్పు డవి నెల్లూరు జిల్లాలోనివి. మనదేశమున మనుష్యులలో ఈ వ్యాధిని మొదట గుర్తించినది ఆ పల్లెలలోనే. ఫ్లోరైడు మిక్కిలిగా చేరిన యెముక ఎక్సురేలో దట్టముగా కానవచ్చినను, పెళుసుదనము పెరిగియుండును. కీళ్ళు ముందే బిగిసియుండును. ఇట్టి సీమకు ఎముకల వైద్యుని యవసరము ఇతర సీమలకంటె హెచ్చే గాని తక్కువ కాదు.

మొదటి గంటలు

పడిన వెంటనే చేయవలసినవి కొలదిగనే యున్నవి. చేయగూడనివియు కొలదిగనే యున్నవి. చేతినుండి ఉంగరములను, గాజులను, కడియములను, గడియారమును తత్క్షణమే తీసివేయవలయును. మన యిండ్లలో ముత్తయిదువ గాజులు తీయుట అమంగళమను భావము కలదు. గాజులు చేతికి శోభయే. వాచిన చేతికి మాత్ర మవియే సంకెలలు. గంట గడచినచో వాపు పెరిగి గాజు దిగదు, ఉంగరము కోయవలసివచ్చును. చేయి నిలిచినచో గాజులు మరల తొడుగుకొనవచ్చునని పెద్దలే ముందుగా చెప్పి తీయింపవలయును.

తరువాత చేతిని కదలకుండ నిలుపవలయును. దళసరి అట్టముక్కయైనను, పలుచని చెక్కయైనను, చదివివేసిన దినపత్రికలను నాలుగైదింటిని మందముగా మడిచియైనను మోచేతి క్రిందినుండి అఱచేతివఱకు ఆనించి, మెత్తని గుడ్డతో వదులుగా కట్టి, రొమ్ముమీదికి వచ్చునట్లు మెడకు వ్రేలాడదీయవలయును. మా పత్రిక ఇట్టి పనికి వచ్చినను దేశసేవయే యని సంతసింతుము. తైలమర్దనము చేయరాదు. వంకర కానవచ్చినదని పట్టి లాగరాదు. చర్మము చిట్లి యెముక కానవచ్చినచో పసుపు, కాఫీపొడి, సున్నము మొదలగునవి చల్లక, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆ పూటనే యాసుపత్రికి చేర్పవలయును. తెఱచుకొన్న గాయమునకు మందు పడుటలో గంటలే లెక్క.

కట్టు వేసిన పిమ్మటను వ్రేళ్ళను కనిపెట్టియుండవలయును. నొప్పి తగ్గుటకు మాఱుగా గంటగంటకు హెచ్చుట, వ్రేళ్ళను ఇంకొకరు చాపినప్పుడు భరింపరాని బాధ కలుగుట, వ్రేళ్ళు పాలిపోవుట లేక నీలమగుట, తిమ్మిరి యెక్కుట - ఇవి కట్టు బిగువునకును లోపలి వాపునకును గుఱుతులు. జర్మను శస్త్రవైద్యుడు ఫోల్క్‌మాన్ 1881లో వర్ణించిన వ్రేళ్ళు ముడుచుకొనిపోవు అవిటితన మిట్లు నెత్తు రందక కండలు చచ్చుటవలన వచ్చునదే. ఆఱేడు గంటలు కండలకు నెత్తురు చాలకపోయినచో ఆ నష్టము తిరిగి పూడదు. ఇట్టితఱి "తెల్లవాఱనిమ్ము" అనువాడు చేతికి పగవాడు. కట్టినవా డెవ్వడైనను సరే, కట్టు విప్పించి వైద్యునియొద్దకు పరుగెత్తవలసినదే.

ఎముక పంచాంగము

ఎముక అతుకుటకు నొక పంచాంగము కలదు. అది మన వీలునుబట్టి మాఱదు. మొదటి దినములలో విఱిగిన తునుకలు స్వేచ్ఛగా కదలును. మత్తునిచ్చి లాగి సరియైన వరుసకు తెచ్చుట వైద్యునకు సులభము. మొదటి వారమునకును రెండవ వారమునకును మరల ఎక్సురే తీయవలయును. ఏలయన వరుసకు తెచ్చిన యెముక పిండికట్టులో నుండియు జాఱుట కలదు. జాఱినదని అప్పుడు తెలిసినచో దిద్దుటకు వ్యవధి యున్నది. మూడవ వారమునకు తునుకల నడుమ క్రొత్త యెముక పుట్టి బిగియ నారంభించును. సుమారు ఆఱువారములకు సామాన్యముగా అది అతుకును. వరుసలో నున్నచో వరుసలోను, వంకరగా నున్నచో వంకరగాను అతుకును! ఎముకకు వివేకము లేదు; వివేకము మనకుండవలయును. వంకరగా అతికిన పిమ్మట వచ్చిన రోగికి చేయదగినది, ఆ యెముకను మరల కోసి, నిలిపి, పలక బిగించుటయే. మొదటి దినమున కొన్ని నిమిషములలో తీరవలసిన పని అప్పుడు పెద్ద శస్త్రచికిత్స యగును.

ఇంగ్లండునందు వైద్యప్రమాణములను నిర్ణయించు నైస్ అను సంస్థ 2016లో నొక నియమము చేసినది. ఈ విధముగా విఱిగిన మణికట్టునకు శస్త్రచికిత్స యవసరమని తేలినచో, పగులు కీలులోనికి ప్రాకియున్నయెడల 72 గంటలలోను, ప్రాకనియెడల 7 దినములలోను అది జరుగవలయునని దాని సారము. మన పల్లెలలో 7 దినములు గడచునప్పటికి రోగి యింకను బంధువుల సలహాలు వినుచుండును.

ప్రత్యేకవైద్యుని యొద్దకు పోవుట యనగా కత్తికి చేయి యొప్పగించుటయే యని భయపడువారు కలరు; భయపెట్టువారును కలరు. అది సత్యము కాదు. ఎన్నియో మణికట్టులు పిండికట్టుతోనే కుదురును. ముఖ్యముగా వృద్ధులకు ఎముక కొంచెము వంకరగా అతికినను, నిత్యకృత్యములకు చేయి చక్కగా పనికివచ్చుట తఱచుగా చూడబడుచున్నది. శస్త్రచికిత్స కావలసినప్పుడును ఖరీదైన పలకయే గతియను నియమము లేదు. బ్రిటనులో 18 ఆసుపత్రులలో 461 మంది వయోజనులపై జరిగిన పరీక్ష ఫలితములు 2014లో వెలువడినవి. మూసియుంచియే సరిచేయుటకు వీలైన వంకరలలో సన్నని తీగలతో నిలిపిన చేతులకును, పలకతో బిగించిన చేతులకును ఏడాది పిమ్మట చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. కావున రోగి "నాకు కత్తి ఏల? తీగ చాలదా? పిండికట్టు చాలదా?" యని వైద్యుని నిస్సంకోచముగా నడుగవచ్చును. అడుగవలయును గూడ. మేము కోరునది శస్త్రచికిత్స కాదు; ఏది కావలయునో ఏది యక్కఱలేదో నిర్ణయింపగల కన్ను వేళకు ఆ చేతిపై పడుటయే.

మన కట్టువారు

ఇచ్చట నొక యాక్షేపణము రాగలదు. "మన పూర్వులకు ఎక్సురేలు గలవా? కట్టువారే గదా మన యెముకలను నిలిపినది?" యని పెద్దలు ప్రశ్నింతురు. స్వదేశవిద్యల గౌరవమును మేము తక్కువగా నెంచువారము గాము. సుశ్రుతుడు నిదానస్థానమున 15వ అధ్యాయమును, చికిత్సాస్థానమున 3వ అధ్యాయమును విఱిగిన యెముకలకే కేటాయించెను. కీళ్ళు తొలగుటను ఆఱు విధములుగను, ఎముక విఱుగుటను పండ్రెండు విధములుగను విభజించెను. లాగుట, నొక్కుట, చేర్చుట, కట్టుట యని చికిత్సాక్రమమును చెప్పెను. కట్టు వదులైనచో కీలు నిలువదనియు, బిగువైనచో వాపును నొప్పియు చీమును కలుగుననియు హెచ్చరించెను. చలికాలమున ఏడేసి దినములకు, సాధారణకాలమున ఐదేసి దినములకు, వేసవిని మూడేసి దినములకు కట్టు మార్చవలయునని విధించెను. కట్టిన కట్టును మూడువారములు విప్పిచూడరాదనువారు సుశ్రుతుని పేరు చెప్పినను, వారు సుశ్రుతుని శిష్యులు కారు.

పుత్తూరుకట్టు నెఱుగని తెలుగువాడు లేడు. తిరుపతి చేరువనున్న పుత్తూరు సమీపమున, రాచపాళెమున, ఒక రాజుల కుటుంబము తరతరములుగా ఎముకలు కట్టుచున్నది. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు - ఇవి యా కట్టునకు సాధనములు. తెలుగుసీమనుండియే గాక తమిళ కన్నడ సీమలనుండియు జనులు వచ్చుచుందురు. వారట్లు వచ్చుటకు కారణములు స్పష్టములు. ఖర్చు స్వల్పము, మాట మెత్తన, కత్తిభయము లేదు, నాటి పని నాడే యగును. ఆసుపత్రులు ఈ నాలుగు గుణములను నేర్చుకొనినచో వానికి సిగ్గుచేటు కాదు. కదలని సామాన్యపు పగులు ఏ నేర్పరి కట్టులోనైనను అతుకును. ప్రకృతియే దానిని అతికించును. చిక్కంతయు ఏ పగులు సామాన్యము, ఏది కాదు అను నిర్ణయమునందే యున్నది. చర్మముపైనుండి తడవునంతమాత్రమున కీలులోని పగులు తెలియదు; బాలుని యెముక పెరుగు పొర చెదరినదో లేదో తెలియదు; స్కాఫాయిడ్ సంగతి అసలే తెలియదు. కట్టువానియందు మాకు ద్వేషము లేదు. అతడు మొదటి దినమున బద్ద ఆనించి, బిగువు లేక కట్టి, "ముందు ఎక్సురే తీయించుకొని రండు" అని పంపువా డైనచో, అట్టివాడు పల్లెకు మహోపకారి. పంపక దాచుకొనువాడే ప్రమాదకారి.

విదేశవైద్యమను బెరుకు గలవారికి గాంధీమహాత్ముని సంగతి జ్ఞాపకము చేయుదుము. 1909లో హిందుస్వరాజ్య గ్రంథమున వైద్యులను, ఆసుపత్రులను ఆయన తీవ్రముగా ఖండించెను. 1924 జనవరిలో యెరవాడ చెఱలో నుండగా ఉదరములో ఉండుకపుచ్ఛము వాచి ప్రాణాపాయము కలుగగా, పూనా సాసూన్ ఆసుపత్రిలో జనవరి 12వ తేదీ రాత్రియే కర్నల్ మాడక్ అను ఆంగ్లేయ శస్త్రవైద్యునిచే చికిత్స పొందెను. వైద్యుని జాతి నడుగలేదు, తెల్లవాఱుదాక నిలువలేదు. మహాత్మునంతటివాడు ప్రకృతివైద్యముపై తన విశ్వాసమును వీడకయే వేళకు తలయొగ్గినప్పుడు, మనము మన పాలేరు చేతివిషయమున పంతము పట్టుట తగునా?

దూరము

ఆలసించువారందఱును అజ్ఞానులని నిందించుట అన్యాయము. ఒక కూలివానిని తలంచుకొందము. ఇతనికి పేరు పెట్టము. ఇట్టివాడు ఏ పల్లెలోనైనను గలడు. సాయంకాలము చేనునుండి వచ్చుచు కాలువగట్టున పడినాడు. రాత్రి బస్సు లేదు. తెల్లవాఱిన పిమ్మట పట్టణమునకు పోవలెనన్న తోడు ఒకరు కావలయును. ఇద్దఱి కూలి పోవును. పోయినదినమున ఎముకల వైద్యుడుండునో లేదో తెలియదు. ఎక్సురే ఒకచోట, కట్టు మఱియొకచోట. అప్పు పుట్టవలయును. ఇంతలో ప్రక్కయూరి కట్టువాడు రూపాయలు వందలలోనే పని ముగించునని ఎవ్వరో చెప్పిరి. అతడు అక్కడికే పోవును. మూడువారములకు కట్టు విప్పగా చేయి వంకర, వ్రేళ్ళు ముడుగవు. అప్పుడు అప్పుచేసి పట్టణము పోయినచో వైద్యు డనుమాట ఒక్కటియే: "మొదటివారమున రావలసినది." ఆ మాట నిజమే గాని, ఆ మొదటివారమును వానికి మనము దక్కనిచ్చితిమా?

ఈ ప్రాంతమునకు దూరము జాతకమున వ్రాసిన దోషమువలె వెంటబడుచున్నది. మార్కాపురము, గిద్దలూరు సీమలు 1970 వఱకు కర్నూలు జిల్లాలో నల్లమలకు ఆవలి యంచుగా నుండినవి. ఆ యేడు ఒంగోలు జిల్లా యేర్పడగా, అది 1972లో ప్రకాశము జిల్లా యైనది. అందును ఇవి పడమటి యంచే యైనవి. త్రిపురాంతకమునుండి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. 2025 సంవత్సరాంతమున మార్కాపురము కేంద్రముగా క్రొత్త జిల్లాను ఏర్పఱచుటకు ప్రభుత్వము నిర్ణయించినది. అంతకు ముందే 2021లో మార్కాపురపు వైద్యకళాశాలకు శంకుస్థాపన జరిగినది. సంతోషమే. కాని జిల్లాకచ్చేరి దగ్గఱకు వచ్చినంతనే ఎముకల వైద్యుడు దగ్గఱకు వచ్చినట్లు కాదు. శిలాఫలకములు ఎముకలు కట్టవు.

మేము ప్రభుత్వము నడుగునవి ఆకాశకుసుమములు కావు. ఈ సీమయందలి ప్రధానమగు ప్రభుత్వాసుపత్రులలో ఎక్సురే యంత్రము పగలురేయి పనిచేయవలయును. దానిని నడుపువా డుండవలయును. ఎముకల వైద్యు డేయే దినములలో నుండునో పంచాయతికచ్చేరి గోడమీద వ్రాయింపవలయును. వైద్యుడు లేని వేళ ఎక్సురే చిత్రమును టెలిఫోనులో ఒంగోలునకో గుంటూరునకో పంపి, నిమిషములలో అభిప్రాయము తెప్పించుకొనుట నేడు సులభసాధ్యము. ఆ యేర్పాటు వైద్యుని దయాదాక్షిణ్యములపై గాక నియమముగా నడువవలయును. ప్రతి ప్రాథమికారోగ్యకేంద్రమునను బద్ద ఆనించి కట్టుట నెఱిగిన దాది యుండవలయును. సుశ్రుతుడు చెప్పిన కడపటి చికిత్సయు మఱువరాదు. గాయపడిన చేతికి బలము వచ్చుటకై మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, కడపట రాతిని పట్టించవలయునని ఆయన మతము. పిండికట్టు విప్పిన నాడే చికిత్స ముగిసినదని తలచి, కీలునకు వ్యాయామము చెప్పక పంపుటచే ఎన్నో చక్కగా అతికిన చేతులును బిగిసిపోవుచున్నవి.

మన విధి

ప్రభుత్వమునకు చెప్పవలసినది చెప్పితిమి. మా పాఠకులలో భూవసతి గలవారు, పట్టణమున పలుకుబడి గలవారు పెక్కుమంది. వారికి చెప్పవలసినది వేఱుగా నున్నది. మీ పొలమున పనిచేయువాడు మీ గట్టుమీద పడి చేయి విఱుగగొట్టుకొన్నపుడు, పసుపుకొమ్మును, పదిరూపాయలును చేతబెట్టి పంపుట ధర్మము కాదు. మీ యింట కారు గలదు. చేతిలో టెలిఫోను గలదు. ఆసుపత్రిలో నొకరిద్దఱు తెలిసినవారు గలరు. ఆ కూలివానికి లేనివి ఈ మూడే. మఱునాటి యుదయము లోపల వానిని ఎముకల వైద్యుని యెదుట నిలుపుట మీకు ఒక పూటపని. వానికి ఒక జన్మపు బ్రదుకు. అతడు లేచిన పిమ్మట ఆఱువారములు కూలి లేకుండునుగదా, ఆ దినములకు గింజలు కొలుచుట దానము కాదు, బాకీ తీర్చుట.

సాయపడు మార్గములును కొన్ని కలవు. 108 అను అత్యవసర వాహనపు టేర్పాటు 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున ప్రారంభమైనది. పేదల యాసుపత్రి ఖర్చులకై 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలైన పథకము 2024 నుండి ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర నడచినది. పథకమున చేరిన యాసుపత్రిలో ఆరోగ్యమిత్ర యను నుద్యోగి యుండును. ఏ చికిత్స కెంత వర్తించునో అతని నడిగి తెలిసికొనవచ్చును. చదువురాని కూలివాడు ఆ గుమ్మమున బెదరి నిలుచును. అతని ప్రక్క చదువు వచ్చినవాడొకడు నిలిచినచో తలుపు తెఱచుకొనును. ప్రతి గ్రామమునను యువకులు ఇద్దఱు ముగ్గురు ఈ తోడుపోవు పనికి పూనుకొనినచో, గొప్ప సంఘములు, సభలు, తీర్మానములు లేకయే కొన్ని చేతులు ప్రతి యేడును దక్కును.

ఇంటిలోని ముసలితల్లి విషయమునను ఇదే మాట. ఆమె "నా కేమియు కాలేదు, పని చూచుకొండు" అనును. తల్లులు ఎల్లప్పుడు నట్లే యందురు. ఆ మాట విని ఊరకుండుట విధేయత కాదు. గాజులు తీయించుడు, చేతికి బద్ద ఆనించుడు, నాడే తీసికొనిపొండు. వైద్యుడు చూచి పిండికట్టు చాలునన్న యెడల ఆ మాట వినుడు. రెండవ ఎక్సురేకు పిలిచిన దినమున తప్పక పొండు. ఎముకల బలమును పరీక్షింపుమని మీరే యడుగుడు.

వ్యవసాయమున పదను తప్పినచో విత్తనము వ్యర్థమగునని మన రైతునకు ఎవ్వరును నేర్పనక్కఱలేదు. వాన కురిసిన రెండవనాడే గుంటక తోలువాడు, పదియవనాడు తోలడు. తన చేనియందు పాటించు ఈ నియమమును తన చేతియందు పాటించిన చాలును. విఱిగిన మణికట్టునకు పదను మొదటి వారమే. ఆ వారము తప్పనీయకుడని మా పాఠకులకు మనవి.